సినిమా జనానికి పట్టిందా లేదా, రివ్యూ రాసేటప్పుడు ఎలా తేల్చాలి?

కొత్తకలం

కమర్షియల్ సినిమాలకు రివ్యూలు రాసేవాళ్లను అడుగుతున్నాను. నటన, ఎడిటింగ్, కెమెరా గురించి నాలుగు ముక్కలు రాయడం కష్టం కాదు. కానీ టికెట్ కొనుక్కుని, రెండున్నర గంటలు హాయిగా గడుపుదామని వచ్చిన మనిషికి ఆ సినిమా గిట్టుబాటు అయిందా లేదా అన్నది తేల్చే పద్ధతి ఏమైనా ఉందా? "నాకు నచ్చలేదు గానీ జనానికి నచ్చొచ్చు" అని రాయడం రివ్యూ కాదు, గోడ మీద పిల్లివాటం. నా సందేహాలు ఇవి: హాల్లో నవ్వులూ ఈలలూ లెక్కలోకి తీసుకోవచ్చా? సైట్లలో కనిపించే శాతాలు, వసూళ్లు ఎంతవరకు నమ్మాలి? వినోదానికి ఒకటి, పనితనానికి ఒకటి అని రెండు రేటింగులు ఇవ్వాలా?

చివరివరుస

నవ్వులు లెక్కే. అయితే ఏ ఆటలో నవ్వారన్నది ముందు చూసుకోవాలి. మొదటిరోజు మొదటి ఆట దీనికి పనికిరాదు, అక్కడికి వచ్చేది ఎక్కువగా అభిమానులు. రెండో రోజో మూడో రోజో సాయంత్రం ఆట ఎంచుకోండి. హాలు సగానికి పైగా నిండాలి. పావు వంతు కూడా జనం లేకపోతే నవ్వు ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు, మంచి కామెడీ కూడా చప్పగా తేలిపోతుంది. వెనక వరుసల్లో, దారి పక్క సీటు తీసుకుంటే ముందున్న తలలన్నీ కనిపిస్తాయి.

చిన్న నోటుబుక్కు, పెన్సిలు చాలు. ఫోన్‌లో రాయకండి. ఆ వెలుతురుకి పక్కవాళ్ల ధ్యాస చెదిరితే, మీరు కొలవాలనుకున్నదాన్ని మీరే పాడుచేసినట్టు. చీకట్లో వాక్యాలు రాయలేం కాబట్టి గుర్తులు పెట్టుకోండి. హాలంతా నవ్వితే "న", ఒక్క గుంపే నవ్వితే "న" చుట్టూ సున్నా, ఫోన్లు వెలిగితే "ఫో", జనం లేచి బయటికి వెళితే "లే". పక్కన ఎన్నో నిమిషమో వేయండి. ఇంటికొచ్చాక సినిమాను పది నిమిషాల ముక్కలుగా విడగొట్టండి. 150 నిమిషాల సినిమా అయితే 15 ముక్కలు. ఒక్కో ముక్కకు ప్లస్, సున్నా, మైనస్ వేయండి. ఒక మైనస్ ఎక్కడైనా ఉంటుంది, పట్టించుకోనక్కర్లేదు. వరసగా మూడు మైనస్‌లు వస్తే అరగంట ల్యాగ్. "సెకండాఫ్ నెమ్మదిగా ఉంది" అనే గుండుగుత్త మాటకు బదులు "90 నుంచి 120 నిమిషాల మధ్య జారిపోయింది" అని రాయగలుగుతారు. దాంతోపాటు కారణం కూడా వెతకాల్సి వస్తుంది. ఎక్కువసార్లు అక్కడ దొరికేది ఏమిటంటే, ప్రేక్షకుడికి అప్పటికే తెలిసిపోయిన విషయాన్ని పాత్రలు ఇంకా కనుక్కుంటూ ఉండటం.

నిశ్శబ్దం దగ్గరే చాలామంది పొరబడతారు. తలలు కదలకుండా ఉండి, తినేవాళ్ల చేతులు కూడా ఆగిపోతే సినిమా హాలును పట్టేసిందని అర్థం. దగ్గులు, సీట్లలో అటూ ఇటూ సర్దుకోవడం, గుసగుసలు మొదలైతే అది విసుగు. రెండింటిలోనూ నవ్వు లేదు, ఈల లేదు. చెవితో వింటే రెండూ ఒకటే అనిపిస్తాయి, తలలు చూస్తేనే తేడా తెలిసేది.

కొన్ని లెక్కలోంచి తీసేయాలి. హీరో ఎంట్రీకి పడే ఈలలు ఆ మనిషికి పడినవి, సీనుకు కాదు. పాటలో లేచి వెళ్లేవాళ్లు సినిమాను తిట్టుకుంటూ వెళ్తున్నారని అనుకోవద్దు, అవసరం ఉన్నవాళ్లు అదే అదను చూసుకుంటారు. అదే పతాక సన్నివేశానికి పది నిమిషాల ముందు ముగ్గురు నలుగురు లేచారంటే, ఏం జరగబోతోందో తెలుసుకోవాలన్న ఆసక్తి కూడా పోయిందన్నమాట.

రీలుచక్రం

పైన చెప్పినదాంతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, హాలు చప్పుడు మీద అంత బరువు పెట్టకూడదు. గుండె బరువెక్కించే కుటుంబ కథకు "న"లు లెక్కపెడితే ఏం తేలుతుంది? ముందు ఆ సినిమా ఏం ఇస్తానందో తెలియాలి. ఆటకు ముందే పోస్టరు, ట్రైలరు చూసి ఒక్క వాక్యం రాసుకోండి: "ఇది భయపెడతానంటోంది", "పిల్లలతో కలిసి నవ్విస్తానంటోంది". ఆట అయ్యాక ఆ వాక్యం ముందు పెట్టుకుని చూడండి. భయపెడతానని పిలిచి మెల్లగా సాగే మనస్తత్వ కథ చూపిస్తే, ఆ కథ ఎంత గొప్పదైనా హాలు మండిపడుతుంది. అదే కథను సరైన పేరుతో పిలిచి ఉంటే వేరే జనం వచ్చేవారు, వాళ్లకి నచ్చేది కూడా.

అమెరికాలో 1970ల చివరి నుంచి ఉన్న సినిమాస్కోర్ సంస్థ పని దాదాపు ఇదే. విడుదల రోజు హాళ్లలో ప్రేక్షకుల చేతికి చీటీలిచ్చి ఏ ప్లస్ నుంచి ఎఫ్ వరకు గ్రేడు అడుగుతుంది. అక్కడ బి వస్తే పర్లేదులే అనుకోకూడదు. మొదటిరోజే వచ్చినవాళ్లు ఆ సినిమా కోరి ఎంచుకున్నవాళ్లు, వాళ్లే బి ఇచ్చారంటే ఎక్కడో తేడా కొట్టింది. హారర్ సినిమాలకు మామూలుగానే గ్రేడు తక్కువ పడుతుంది కాబట్టి వాటిని వాటితోనే పోల్చాలి.

ఇంకో పరీక్ష హాలు బయట. సినిమా చూసిన ముగ్గురిని, ఈ రంగంతో సంబంధం లేనివాళ్లను, మర్నాడు అడగండి. "బాగుందా?" అని మాత్రం అడగొద్దు. "పర్లేదు" అంటారు, ఆ మాటకు మన భాషలో కనీసం నాలుగు అర్థాలున్నాయి. కథ చెప్పమనండి. ఏ సీను గుర్తుందో అడగండి. ఎవరిని వెళ్లి చూడమంటారో అడగండి. ముగ్గురూ అడక్కుండానే ఒకే సీను చెప్పారంటే ఆ సినిమాకు ఊపిరి ఉంది. కథ చెప్తూ "అందుకని వాడు..." అంటూ అల్లుకుపోతే వాళ్లకు ఎక్కినట్టు. "తర్వాత ఏదో జరుగుతుంది, తర్వాత ఇంకేదో..." అంటే స్క్రీన్‌ప్లే ఎక్కడో చేయి వదిలేసింది. మూడో ప్రశ్నకు మనిషి పేరు చెప్తేనే సిఫార్సు. "చూడొచ్చు" అనేది సిఫార్సు కాదు.

మర్నాడే ఎందుకంటే, అనుభవాన్ని మనం నిమిషాల సగటుగా గుర్తుపెట్టుకోం. దాని శిఖరమూ ముగింపూ ఎక్కువగా నిలుస్తాయని డేనియల్ కానెమన్ లాంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు చూపించారు. మీ 15 ముక్కల్లో ఆరు సున్నాలున్నా చివరి రెండూ గట్టిగా పండితే మౌత్ టాక్ బాగుంటుంది. తొలి గంటంతా ప్లస్‌లు వేయించుకుని చివర్లో చతికిలపడినదానికి ఆ అదృష్టం ఉండదు.

అంకెలబుర్ర

శాతాల సంగతి నేను చెప్తాను. రివ్యూలను ఒకచోట పోగుచేసే రాటెన్ టొమాటోస్ సైటులో విమర్శకుల 90 శాతం అంటే నూటికి 90 మార్కులు కాదు. నూరు రివ్యూల్లో 90 అనుకూలంగా ఉన్నాయని మాత్రమే. అందరూ "ఒకసారి చూడొచ్చు" అని పదికి ఆరేసి ఇచ్చినా 100 శాతం రావచ్చు. సగం మంది నెత్తిన పెట్టుకుని సగం మంది చీదరించుకున్నది 50 దగ్గర ఆగిపోతుంది. జనరంజకమైన సినిమా ఈ రెండిట్లో ఏదైనా కావచ్చు.

ప్రేక్షకుల రేటింగుల్లో సగటు కన్నా పంపకం, అంటే ఏ అంకెకు ఎన్ని ఓట్లు పడ్డాయో చూడండి. పదులూ ఒకట్లూ కొండల్లా లేచి మధ్యలో లోయ ఉంటే అది ఎక్కువసార్లు అభిమానుల యుద్ధం. ఆరు, ఏడు, ఎనిమిది దగ్గర గుట్ట ఉంటే మామూలు జనం ఓటేసినట్టు, ఆ గుట్ట ఎటు వాలిందో చూస్తే చాలు.

వసూళ్లలో మొదటి వారాంతం ప్రచారానికీ తారకూ పడిన ఓటు. సినిమాకు పడేది రెండో వారాంతం. మొదటిది 100 అనుకుంటే, పెద్ద విడుదలకు రెండోది 45–50 దాకా రావడం మామూలే. 60 పైన నిలిస్తే టాక్ పనిచేస్తోంది. 35 కిందికి పడితే చూసినవాళ్లు తోటివాళ్లను ఆపుతున్నారు. మొత్తం వసూళ్లను మొదటి వారాంతంతో భాగించండి: రెండు దగ్గరుంటే ఎగబడి చూసి వదిలేశారు, మూడు దాటితే బాగుంది, నాలుగంటే నెమ్మదిగా అందరూ చూశారు. ఇవి కొండగుర్తులే, సూత్రాలు కావు. బుధవారం విడుదలైతే, మధ్యలో సెలవులొస్తే, రెండో వారం స్క్రీన్లు సగానికి తగ్గిస్తే ఈ లెక్కంతా తప్పుతుంది. స్క్రీన్లు తగ్గినప్పుడు ఒక్కో స్క్రీనుకు ఎంతొచ్చిందో పోల్చుకోండి.

ఓటీటీ అంకెలకు వేరే తిరకాసు. నెట్‌ఫ్లిక్స్ 2023 నుంచి చూసిన మొత్తం గంటలను సినిమా నిడివితో భాగించి దాన్ని "వ్యూస్" అంటోంది. ఇద్దరు చెరి సగం చూసి కట్టేసినా ఒక వ్యూ. ఎంతమంది చివరిదాకా కూర్చున్నారో అందులో కనపడదు, మనకు కావాల్సిందేమో అదే.

కొత్తకలం

చాలా ఉపయోగపడింది. మరి రేటింగు? హాలు ఊగిపోయింది, నాకు మాత్రం పనితనం నాసిగా అనిపించింది. అప్పుడు ఎంత వేయాలి?

చివరివరుస

రెండూ విడిగా వేయండి, సగటు తీయకండి. వినోదానికి నాలుగు, పనితనానికి రెండు వేసి మధ్యలో మూడు అని తేలిస్తే, ఆ మూడు చదివినవాడు మీరు చూసిన సినిమాను ఊహించలేడు. ఒక్క అంకే వేయాలని సైటు పట్టుబడితే వినోదం అంకె వేసి, పనితనం సంగతి మొదటి పేరాలోనే చెప్పేయండి. "మాస్‌కి నచ్చుతుంది" అని మాత్రం రాయొద్దు, ఎవరినీ అడక్కుండా జనం తరఫున ఇచ్చేసే తీర్పు అది. "పిల్లలున్న కుటుంబాలు తొలి గంట హాయిగా నవ్వారు, 100వ నిమిషం తర్వాత పిల్లలు కదలడం మొదలుపెట్టారు" అంటే చదివినవాడు తనకు కావాల్సింది తానే తేల్చుకుంటాడు.

రీలుచక్రం

ఒక్కటి కలుపుతాను. బయటికొచ్చేవాళ్లు "లాజిక్ లేదు" అంటే ఆ మాటను ఉన్నదున్నట్టు తీసుకోకండి. ఒక్కడు యాభై మందిని కొట్టినప్పుడు కూడా హాలు లాజిక్ అడగలేదు కదా. పట్టు ఉన్నంతసేపూ ఎవరూ అడగరు, జారినప్పుడే అడుగుతారు. వాళ్లు చెప్పిన సీను కన్నా ఇరవై నిమిషాలు వెనక్కి వెళ్లి మీ నోటుబుక్కులో చూడండి. "ఫో"లు అక్కడ మొదలై ఉంటాయి.