పిల్లలకు పాకెట్ మనీ ఎంత ఇవ్వాలి? బ్యాంకు ఖాతా ఎప్పుడు తెరవాలి?

ఖమ్మం అమ్మ:
అందరికీ నమస్కారం. మా బాబు నాలుగో తరగతి, దీపావళి దాటితే పదేళ్ళు నిండుతాయి. పాప ఒకటో తరగతి. బాబు దృష్టిలో డబ్బంటే నా ఫోనే. కొట్టు ముందు నిలబడి "స్కాన్ చెయ్యమ్మా" అంటాడు. డబ్బుల్లేవురా అంటే "ఫోన్ తెచ్చావుగా" అని నన్నే నిలదీస్తాడు.

ఇంకో గొడవ. పాప పుట్టిన ఏడాదే పోస్టాఫీసులో సుకన్య ఖాతా తెరిచాం. అందులో డబ్బు కట్టినప్పుడల్లా "చెల్లికి ఉంది, నాకెందుకు లేదు" అని వీడి ఏడుపు. అది ఆడపిల్లలకే ఇస్తారని చెబితే ఇంకా కోపం.

వారానికి ఇంత అని చేతికిద్దామని నాకుంది. మావారేమో "అడిగినవన్నీ కొంటున్నాంగా, మళ్ళీ చేతికెందుకు" అంటారు. చిన్నప్పుడే డబ్బు రుచి మరిగితే చెడిపోతారని మా అత్తయ్యగారు. అసలు ఎంత ఇవ్వాలి? పని చేస్తే ఇవ్వాలా, ఊరికే ఇవ్వాలా? ఖాతా ఎక్కడ తెరిస్తే మంచిది?

పాత క్యాషియర్:
అమ్మా, బ్యాంకు కౌంటర్లో కూర్చుని రిటైరైనవాణ్ణి. ఖాతా సంగతి ముందు చెబుతాను, అది తేలిక.

పిల్లలు ఏ వయసువాళ్ళైనా గార్డియన్‌తో ఖాతా తెరవచ్చు. తల్లి గార్డియన్‌గా ఉండొచ్చు, తండ్రే రావాలని ఎవరైనా అంటే గట్టిగా అడగండి. కానీ ఆ ఖాతా నడిపేది మీరే, సంతకం మీదే. పిల్లవాడికి అందులో చూడటం తప్ప పనేమీ ఉండదు. పదేళ్ళు నిండితే వాడే సొంతంగా తెరిచి నడుపుకోవచ్చు. రిజర్వ్ బ్యాంకు 2025 ఏప్రిల్‌లో ఈ నియమాలన్నీ ఒకచోట చేర్చి, జులై 1 కల్లా అమలు చేయమంది. ఎంత మొత్తం దాకా నడుపుకోనివ్వాలి, ఏటీఎం కార్డు ఇవ్వాలా వద్దా అన్నది ఆయా బ్యాంకుల ఇష్టం. ఉన్నదానికి మించి ఒక్క రూపాయి కూడా రాదు కాబట్టి అప్పు భయం లేదు. స్టేట్ బ్యాంకులో ఇలాంటిదాన్ని పెహలీ ఉడాన్ అంటారు. పోస్టాఫీసులోనూ పదేళ్ళు దాటినవాళ్ళు సొంతంగా నడుపుకోవచ్చు, 500 రూపాయలతో మొదలుపెట్టొచ్చు. మీవాడికి ఎలాగూ దగ్గరపడింది, దీపావళి దాకా ఆగండి. ఆ రోజు ఫారం వాడే నింపాలి, డబ్బు కట్టే ఓచరూ వాడే రాయాలి. కొట్టివేతలు ఉంటే ఉండనీండి.

వడ్డీ దగ్గర మాత్రం వాణ్ణి ముందే సిద్ధం చెయ్యండి. ఇప్పుడు పెద్ద బ్యాంకుల్లో పొదుపు ఖాతాకి ఏడాదికి 2.5 శాతం దగ్గర ఇస్తున్నారు. వెయ్యి వేస్తే ఏడాదికి పాతిక రూపాయలు, అదీ మూడు నెలలకోసారి ఆరేసి రూపాయల చొప్పున. పిల్లలు పాస్‌బుక్ ప్రింట్ చేయించుకుని ఆ ఆరు చూసి మొహం వేలాడేస్తారు. శాతాలు వాళ్ళకి ఎక్కవు. మనవాళ్ళు మాట్లాడుకునే లెక్కలో చెప్పండి. నూటికి రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం కదా. ఆ లెక్కన బ్యాంకు ఇచ్చేది నూటికి నెలకి 21 పైసలు. పోస్టాఫీసు పొదుపు ఖాతా 4 శాతం, అంటే 33 పైసలు. వాళ్ళ చెల్లి సుకన్య ఖాతాకి 8.2 శాతం, 68 పైసలు. అలా చెబితే పదేళ్ళవాడు చెల్లి ఖాతా ఎందుకు మంచిదో తనే అంటాడు (ఏడుపు ఇంకా పెరగొచ్చు, నన్ననకండి). రేపు పెద్దయ్యాక నూటికి ఐదు ఇస్తామని ఎవరైనా వస్తే, ఏడాదికి 60 శాతం ఎక్కణ్ణుంచి తెస్తాడని కూడా అడుగుతాడు.

ఇక చేతిఖర్చు. మీ ఊళ్ళో వాడు కొనుక్కునే రెండు మూడు వస్తువుల ధర చూసుకుని, అవన్నీ ఒకే వారం కొనడానికి సరిపోనంత ఇవ్వండి. ఏది వదులుకోవాలో వాడే తేల్చుకోవాలి. చెత్త బొమ్మ కొంటే కొననివ్వండి, నోరు మెదపకండి. మీ అత్తగారు చెప్పే చెడిపోవడం అడిగినప్పుడల్లా ఇస్తే వస్తుంది, లెక్కగా ఇస్తే రాదు. ఆవిడతో అలా అనకండి గానీ.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. కౌంటర్లో ఏటా చూసేవాణ్ణి. సంక్రాంతికి తాతలు, మేనమామలు చేతిలో పెట్టిన డబ్బు పిల్లల ఖాతాలో వేస్తారు, జూన్‌లో స్కూలు ఫీజుకని తీసేస్తారు. ఆ పిల్లాడు పక్కనే నిలబడి చూస్తుంటాడు. ఇంటి అవసరానికి తీసుకోవడంలో తప్పులేదు, కానీ చెప్పి తీసుకోండి. ఎప్పుడు తిరిగిస్తారో వాడి నోటుబుక్కులో రాసి మీరు సంతకం పెట్టండి. "నీ డబ్బు మా దగ్గర జాగ్రత్తగా ఉంది" అనే మాట మీద నమ్మకం పోతే, ఆ పిల్లలు చేతికొచ్చింది ఆ పూటే ఖర్చుపెడతారు. దాచుకోమని ఎంత చెప్పినా లాభం లేదు.

మియాపూర్ నాన్న:
అంకుల్ చెప్పింది బాగుంది. మా పాపకి పన్నెండేళ్ళు. యూపీఐ సర్కిల్‌లో మన ఖాతా నుంచే ఇంట్లోవాళ్ళు కట్టేలా నెలకి ఇంత అని పెట్టొచ్చు గదా అని నేనూ ఆలోచించాను. ఫోన్లో అంకె తగ్గితే పిల్లలకి ఏమీ అనిపించదు, అందుకే వద్దనుకున్నా. మా ఇంట్లో ఆదివారం పొద్దున వంద రూపాయలు, అదీ పది రూపాయల నోట్లలోనే. మంగళవారానికే అయిపోతే మళ్ళీ ఆదివారమే. మొదట్లో వాళ్ళమ్మ చాటుగా ఇచ్చేది, దాని గురించి మా ఇద్దరికీ పెద్ద పంచాయితీ అయింది.

పనికి డబ్బు మాత్రం వద్దండీ. కంచం తీసినందుకు, పక్క సర్దుకున్నందుకు ఇస్తే రేపు మంచినీళ్ళు తెమ్మన్నా రేటు చెబుతారు. కారు కడగడం లాంటి, బయటవాళ్ళకి ఎలాగూ డబ్బిచ్చే పనులకి ఇస్తాను.

లెక్కల టీచర్:
అపార్ట్‌మెంట్ పిల్లల బాధలు ఇవి. మా బళ్ళో మూడో తరగతివాడు పాలకేంద్రానికి క్యాన్ మోసుకెళ్ళి, వెన్నశాతం, లీటర్లు చూసుకుని చీటీ తెస్తాడు. కిరాణా కొట్టుకి వెళ్ళి మిగిలిన చిల్లర పైసా తేడా లేకుండా అమ్మకి అప్పజెబుతాడు. వాడికి పాకెట్ మనీ అనే మాటే తెలీదు. మీరు కూడా మీవాణ్ణి యాభై రూపాయలిచ్చి కూరగాయలకి పంపండి. ఫోన్ లేకుండా.

మా చిన్నప్పుడు బళ్ళో సంచయిక ఉండేది. పావలా, అర్ధరూపాయి టీచరుకి కడితే చిన్న పుస్తకంలో రాసేవారు. తరగతిలో ఎవరిది ఎంతో అందరికీ తెలిసిపోయేది, లేనివాళ్ళు చిన్నబుచ్చుకునేవాళ్ళు. కాబట్టి మీవాడికి ఎంతిస్తున్నారో స్నేహితుల దగ్గర చెప్పుకోవద్దనండి.

పాత క్యాషియర్ గారికి ఒక చేర్పు. పిల్లల పేరున ఎఫ్‌డీ వేస్తే పన్ను తప్పుతుందనుకునేవాళ్ళు చాలామంది. ఆ వడ్డీ తల్లిదండ్రుల్లో ఎవరి ఆదాయం ఎక్కువైతే వాళ్ళ ఆదాయంలో కలుస్తుంది.

ఖమ్మం అమ్మ:
అందరికీ థాంక్సండీ. నూటికి పైసల లెక్క మావారికి చదివి వినిపిస్తే, "వాడికేం గానీ, ముందు నేను మా ఫ్రెండ్ చిట్టీ సంగతి లెక్కేసుకోవాలి" అన్నారు. వారానికి నలభై అనుకున్నాం. వాడు యాభై అడిగి బేరం పెట్టాడు, ఇంకా తేలలేదు.

క్యాషియర్ గారూ, ఒక అనుమానం. వాడికి సంతకం పెట్టడం రాదు. పేరు తెలుగులోనే బాగా రాస్తాడు. ఫర్వాలేదా?

పాత క్యాషియర్:
తెలుగులో నిక్షేపంగా పెట్టొచ్చమ్మా. ఎప్పుడూ ఒకేలా ఉండాలి, అంతే. పిల్లలు వారానికో వంపు తిప్పుతారు కాబట్టి ఇప్పట్నుంచే రాయించండి. పద్దెనిమిది నిండాక బ్యాంకు మళ్ళీ కొత్త సంతకం తీసుకుంటుంది, అప్పుడు కావాలంటే మార్చుకుంటాడు. ఆధార్‌లో పేరు, పుట్టినరోజు బర్త్ సర్టిఫికెట్‌తో సరిపోయాయా చూసుకోండి, చాలామంది వెనక్కి వెళ్ళేది అక్కడే. ఐదేళ్ళు దాటాక వేలిముద్రలు అప్‌డేట్ చేయించకపోతే అదీ చేయించండి. నెల మొదటి వారంలో మాత్రం వెళ్ళకండి. పెన్షన్ల రద్దీలో వాడి ఓచర్ చూసి ఓపిగ్గా సరిదిద్దే తీరిక కౌంటర్లో ఎవరికీ ఉండదు.