‘తె మొరౌ’ వాక్యంలో పని చేసినవారికి ‘ని’ ఎందుకు?

ప్రశ్న:
జపనీస్ భాషా పరీక్ష జె.ఎల్.పి.టి.లో ఎన్4 స్థాయికి చదువుతున్నాను. ‘తె కురెరు’ (ఒకరు మనకు చేసిపెట్టడం) వరకు బాగానే సాగింది, ‘తె మొరౌ’ (ఒకరితో చేయించుకోవడం) దగ్గర చిక్కుకుపోయాను. ‘తనకసన్ ని నిహొంగొ ఒ ఒషియెతె మొరత్త’ అన్న వాక్యం చూడగానే తనక గారికి నేనే జపనీస్ నేర్పినట్టు అనిపిస్తోంది. ‘ని’ అంటే ‘కి’ అనే కదా ఇంతవరకు చదివింది? నేర్పింది ఆయన కాబట్టి కర్తను చూపే ‘గ’ రావాలి కదా? ‘తనకసన్ గ ఒషియెతె కురెత’ అన్నా అదే అర్థమట. అలాంటప్పుడు రెండు రకాలు ఎందుకండి?

జవాబు:
చివరి క్రియ ఎవరిదో ముందు చూడండి. ‘మొరత్త’ అంటే పుచ్చుకోవడం, పుచ్చుకున్నది మీరు. అంటే కర్త మీరే, ‘వతషి వ’ (నేను) అని పైకి చెప్పలేదంతే. ఆ వాక్యంలో ‘ఒషియెతె’ (నేర్పి) ఒక్కటే తనక గారి పని.

తెలుగులో ‘డాక్టరుకు చూపించుకున్నాను’ అంటాం కదా. చూసింది డాక్టరు, ‘కు’ చేరిందీ ఆయనకే, అయినా కర్త నేను. జపనీస్‌లో దాన్నే ‘ఇష ని మితె మొరత్త’ అంటారు. ఈ వాక్యం నోటికి వస్తే మీ ‘ని’ భయం సగం పోతుంది.

నేర్పడం, పంపడం లాంటి క్రియల్లో విషయమో వస్తువో అవతలివారి నుంచి మనకు చేరుతుంది కాబట్టి ‘ని’కి బదులు ‘కర’ (నుంచి) కూడా చెల్లుతుంది. ‘తెత్సుదత్తె మొరత్త’ (సాయం చేయించుకున్నాను) అన్నప్పుడు మాత్రం ‘ని’ వాడండి, అక్కడ ‘కర’ అతకదు.

ఇక రెండు రకాలు ఎందుకంటే, ‘కురెత’లో చేసినవారే కర్త, వారు తమంతట తాము చేశారన్న ధ్వని ఉంటుంది. దారిన పోయే మనిషి అడగకుండానే దారి చూపిస్తే ‘మిచి ఒ ఒషియెతె కురెత’ అనడమే సహజం. ‘మొరత్త’ అంటే చాలా సందర్భాల్లో మీరు అడిగి చేయించుకున్నారని వినేవారు అనుకుంటారు. రెండూ మానేసి ‘తొమొదచి గ తెత్సుదత్త’ (స్నేహితుడు సాయం చేశాడు) అని ఊరుకుంటే వ్యాకరణం తప్పు కాదు కానీ, స్నేహితుడు ఎవరికో సాయం చేస్తే మీరు వార్త చదివినట్టు ఉంటుంది. నన్నడిగితే పరీక్షలో పోయే మార్కు కంటే ఇదే పెద్ద నష్టం.

మరొకరి జవాబు:
పై మాటకు చిన్న చేర్పు. మన ‘రాసిపెట్టు’, ‘చేసిపెట్టు’లను నమ్ముకుని వాక్యాలు కట్టకండి. ‘నేను రాసిపెట్టాను’, ‘ఆయన నాకు రాసిపెట్టారు’ రెండింటికీ మనకు ఒకే ‘పెట్టు’ సరిపోతుంది. జపనీస్‌లో మేలు బయటికి వెళ్తే ‘అగెరు’, మనవైపు వస్తే ‘కురెరు’. మనవైపు అంటే మీరొక్కరే కాదు, మీ చెల్లెలికి ఎవరైనా సాయం చేసినా ‘కురెత’ అనే అంటారు.

మళ్లీ ప్రశ్న:
చాలా సంతోషమండి. ఆఫీసులో మా బుచో (విభాగాధిపతి) నా నివేదిక చూసి దిద్దారు. ఆయనకు కృతజ్ఞత ఎలా రాయాలి? మళ్లీ ఒకసారి చూడమని అడగాలంటే ‘మితె ఇతదకిమస్ క’ అనవచ్చా?

జవాబు:
పెద్దవారి విషయంలో ‘మొరౌ’ స్థానంలో ‘ఇతదకు’, ‘కురెరు’ స్థానంలో ‘కుదసరు’ వస్తాయి. కాబట్టి ‘మితె ఇతదకి, అరిగతో గొజయిమస్’ అని రాయండి. ‘మితె కుదసత్తె అరిగతో గొజయిమస్’ అన్నా మర్యాదే.

అడగడానికి మీరు రాసిన రూపం పనికిరాదు. అది ‘నేను చూపించుకుంటానా?’ అని మీ సంగతి ఆయన్ను అడగడం అవుతుంది. ‘చూపించుకోగలనా’ అన్న అర్థం రావాలి. ‘మితె ఇతదకెమసెన్ క’ అనండి. తోటి ఉద్యోగి అయితే ‘మితె మొరయెమస్ క’ చాలు.

ఆయన బరువు మోస్తుంటే సాయపడదామని ‘మొత్తె అగెమషో క’ అనకండి, మీరేదో దయ చూపుతున్నట్టు వినిపిస్తుంది. ‘ఒమొచి షిమషో క’ అంటే ఇబ్బంది లేదు.

అదే బుచో గురించి బయటి కంపెనీవారితో మాట్లాడేటప్పుడు ఈ గౌరవం తీసేయాలి. అక్కడ ఆయన మీవైపు మనిషి కనుక ‘బుచో ని మితె మొరయిమషిత’ అనాలి. బాసును తగ్గించి మాట్లాడానేమో అని మొదట్లో నోరు తడబడుతుంది. అలా అన్నారని అక్కడ ఎవరూ తప్పుపట్టరు, ‘ఇతదకిమషిత’ అంటేనే వింతగా చూస్తారు.