అప్‌డేట్: అమ్మ రూట్ కెనాల్ లాఫింగ్ గ్యాస్‌తో అయిపోయింది

సూదంటేనే వణికిపోయే మా అమ్మకి దవడ పంటి రూట్ కెనాల్ మత్తిచ్చి చేయించవచ్చా అని అడిగాను కదా. విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక క్లినిక్‌లో అయిపోయింది. లాఫింగ్ గ్యాస్ అడగమన్నవాళ్లకి చాలా థాంక్స్, అదే పనిచేసింది.

ముక్కుకి మాస్క్ పెట్టి ముందు ఉత్త ఆక్సిజన్ ఇచ్చారు. తర్వాత నైట్రస్ ఆక్సైడ్ (లాఫింగ్ గ్యాస్ అంటే ఇదే) కొద్దికొద్దిగా పెంచుతూ 35 శాతం దగ్గర ఆపారు. కుర్చీ చేతిని బిగించి పట్టుకున్న వేళ్లు వదులయ్యాయి. డాక్టర్ పిలిస్తే పలుకుతూనే ఉంది. పంటి చిగుళ్లకి మొద్దుబార్చే ఇంజెక్షన్ మాత్రం తప్పదు. గ్యాస్ భయాన్ని తగ్గిస్తుంది గానీ పంటిని మొద్దుబార్చదు. చివర్లో 5 నిమిషాలు మళ్లీ ఆక్సిజనే.

జలుబుతో ముక్కు మూసుకుపోతే గ్యాస్ సరిగ్గా అందదు, అపాయింట్‌మెంట్ మార్చుకోండి. నరంలోకి ఇచ్చే మిడజోలం అనే మత్తుమందు గురించి, స్పృహ లేకుండా చేసే పూర్తి మత్తు గురించి అప్పుడు ఇక్కడ జరిగిన చర్చంతా మాకు అవసరమే పడలేదు.