నోత్ర్ దామ్ కాలిన రోజు తప్పు ఫైర్ వాళ్ళదేనా?

సాగరతీరం:
2019 ఏప్రిల్ 15 సాయంత్రం పారిస్‌లోని ఆ పాత చర్చి మంటల్ని టీవీలో లైవ్ చూశాను. నాలుగు వందల మందికి పైగా ఫైర్ సిబ్బంది వచ్చారు, పక్కనే సేన్ నది ఉంది. అయినా పైకప్పంతా పోయింది. ఎనిమిదికి కాస్త ముందు శిఖరం విరిగి పడుతుంటే ఏడుపొచ్చింది. విమానంతో నీళ్ళు ఎందుకు కుమ్మరించలేదు? ట్రంప్ కూడా అదే అడిగాడు. నాకైతే ఇది చేతకానితనమే అనిపిస్తుంది.

నిప్పురవ్వ:
విమానం మాట ఒప్పుకోనండీ. మా నాన్న ఫైర్ ఇంజన్ డ్రైవర్‌గా చేశారు, ఈ మాట వింటే ఊరుకోరు. అడవి మంటలకు వాడే కెనడేర్ ఒక్క విడతలో ఆరు టన్నుల దాకా నీళ్ళు వదులుతుంది. అదంతా వందల ఏళ్ళ నాటి రాతి కప్పు మీద పడితే? లోపల పైపులు పట్టుకున్న మనుషుల సంగతేంటి? కట్టడం మొత్తం కూలిపోవచ్చని ఫ్రాన్స్ పౌర రక్షణ విభాగం ఆ సాయంత్రమే చెప్పింది.

సాగరతీరం:
సరే, విమానం వదిలేద్దాం. మరి అంత ఆలస్యం ఎందుకైంది?

బండరాయి:
ఆలస్యం జరిగింది ఫైర్ వాళ్ళు రాకముందు. మొదటి అలారం మోగింది 6:20 ప్రాంతంలో. గార్డు వెళ్ళి చూసింది సాక్రిస్టీ, అంటే పూజాసామగ్రి ఉంచే పక్క భవనం. మంట మాత్రం ప్రధాన చర్చి అటకలో ఉంది. పొరపాటు తెలిసి, ఇరుకు మెట్లు మూడు వందలు ఎక్కి చూసేసరికి దూలాలు భగభగ మండుతున్నాయి. ఫైర్ వాళ్ళకు ఫోన్ వెళ్ళేసరికే అరగంట పోయింది. పైన ఉన్నదేమో వందల ఏళ్ళుగా ఎండిన ఓక్ కలప. దాన్ని 'అడవి' అనే పిలిచేవారు. మంటను ఆపే అడ్డుగోడలు లేవు, స్ప్రింక్లర్లు లేవు. గార్డును తిట్టడమూ అన్యాయమే. అలారం స్క్రీన్ ముందున్న ఉద్యోగి చేరి మూడు రోజులే అయింది. అతను తప్పు చెప్పాడా, అవతలివాళ్ళు తప్పు విన్నారా అని తర్వాత పెద్ద వాదులాటే నడిచింది.

నిప్పురవ్వ:
ఉత్తరపు గోపురం సంగతి కూడా చెప్పాలి. అందులో గంటలు చెక్క చట్రానికి వేలాడుతుంటాయి. చట్రం కాలితే గంటలు పడతాయి, గోపురం కూలుతుంది, దాంతో రెండోదీ పోవచ్చు. అక్కడా మంట అంటుకుంది. పారిస్ ఫైర్ దళాధిపతి జనరల్ గాలే కొందరిని ఆ గోపురంలోకే పంపారు. ఎక్కిన మెట్లు మళ్ళీ దిగుతామో లేదో వాళ్ళకు తెలియదు. ఈ రోజు రెండు గోపురాలూ నిలబడి ఉన్నాయంటే వాళ్ళ వల్లే. ఎవరి ప్రాణమూ పోలేదు. దీన్ని చేతకానితనం అంటే నాకు నిజంగా బాధేస్తుంది.

సాగరతీరం:
ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా, క్షమించండి. కానీ కోపం పోలేదు. 2024 డిసెంబరులో తిరిగి తెరిచారు. మళ్ళీ ఓక్ దూలాలే, సీసపు రేకులే. ఈసారి మాత్రం అటకలో నీటి తుంపర వ్యవస్థ, అడ్డుగోడలు పెట్టారు. అవే ముందే పెట్టి ఉండాల్సిందని అడిగితే ఎవరు జవాబు చెప్పాలి?

బండరాయి:
ఆ కట్టడం ఫ్రాన్స్ ప్రభుత్వ ఆస్తి. జవాబు చెప్పాల్సింది వాళ్ళే.