ఇవాళ ఏ వారమో గుర్తుండట్లేదు, వారం మాత్ర వేశామో లేదో ఎలా తేల్చుకోవాలి?

నాచారం_కోడలు:
ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు. అత్తయ్యకు కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ 10 ఎంజీ బుధవారం ఒక్కరోజే, ఫోలిక్ యాసిడ్ 5 ఎంజీ శుక్రవారం, విటమిన్ డి3 60,000 యూనిట్ల సాచెట్ ఆదివారం. మామయ్యకు రెండు పూటలా ఇన్సులిన్, గ్లాకోమాకు కంటి చుక్కలు. పగలు అటెండెంట్ ఉంటుంది, రాత్రి మేమే చూసుకుంటాం. బుధవారం అయిపోయిందా, రాబోతోందా అన్నదే తెలియని పరిస్థితి. అలారం మోగితే ఆపేస్తాం. మాత్ర వేసి ఆపామా, ఊరికే ఆపామా? ఈ వారం మెథోట్రెక్సేట్ విషయంలో అదే జరిగింది. ఇప్పుడేం చేయాలి? ఇకముందు ఏం ఏర్పాటు చేసుకోవాలి?

మందులపెట్టె:
ముందు ఈ వారం సంగతి. వేశామో లేదో తేలేదాకా ఇంకొకటి వేయకండి. ఈ మందు ఒక వారం తప్పితే పెద్దగా నష్టం లేదు, రెండుసార్లు పడితేనే ప్రమాదం. బిల్లు తీసి కొన్న తేదీ చూడండి, ఆ తర్వాత ఎన్ని బుధవారాలు వచ్చాయో లెక్కేయండి, స్ట్రిప్‌లో మిగిలినవాటితో సరిపోల్చండి. వేయలేదని ఖాయంగా తేలి, బుధవారం దాటి రెండు రోజుల్లోపే అయితే మామూలుగా అప్పుడు వేయొచ్చంటారు, డాక్టర్‌కి ఒక ఫోన్ చేసి వేయండి. అంతకన్నా ఆలస్యమైతే వచ్చే బుధవారమే. రెండు కలిపి వేయడం మాత్రం ఎప్పుడూ వద్దు.

పొరపాటున రోజూ పడిపోయిందని తెలిస్తే నోట్లో పుండ్లు వస్తాయేమో చూద్దామని ఆగొద్దు, ఆ రోజే ఆసుపత్రికి. విరుగుడు ఫోలినిక్ యాసిడ్, ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. శుక్రవారం వేసే ఫోలిక్ యాసిడ్ అది కాదు, పేర్లు దగ్గరగా ఉన్నాయంతే.

ఇక ఏర్పాటు. మెథోట్రెక్సేట్‌ని రోజువారీ మందుల డబ్బాలో పెట్టనే వద్దు. నాలుగు చిన్న కాగితం కవర్లు తీసుకుని ఒక్కోదాని మీద రాబోయే బుధవారం తేదీ రాసి, ఒక్కో డోసు వేసి అంటించేయండి. స్ట్రిప్ నుంచి మాత్ర ఊడదీయకుండా, ఆ ముక్కనే కత్తిరించి పెట్టండి. మాత్ర వేశాక చించిన కవర్ చెత్తబుట్టలోకి కాదు, ఒక స్టీలు డబ్బాలోకి. అనుమానమొస్తే మూత తీసి చూడటమే. కొత్త స్ట్రిప్ కొన్నప్పుడల్లా ఎంజీ చూడండి: 2.5 కూడా ఉంది, 10 కూడా ఉంది. నాలుగు మాత్రలు వేసే అలవాటు మీద 10 ఎంజీవి నాలుగు పడితే నాలుగింతలు.

కోఠీ_సర్జికల్:
ఏడు గళ్ల డబ్బా కొంటే మూతల మీద ఇంగ్లిష్ పొడి అక్షరాలుంటాయి. టి రెండుసార్లు, ఎస్ రెండుసార్లు. అరనిద్రలో ఏ టి మంగళవారమో, ఏ టి గురువారమో! ఎం చూసి సోమవారానికి బదులు మార్నింగ్ అనుకునేవాళ్లూ ఉన్నారు. తెల్ల ప్లాస్టర్ ముక్కలంటించి తెలుగులో రాయండి. అదీ అటెండెంట్ పలికే మాటలోనే. మీరు గురువారం అంటారు, పెద్దావిడ లక్ష్మివారం అంటుంది, అటెండెంట్‌ది బేస్తారం. ముగ్గురూ ఒకే రోజు గురించి మాట్లాడుతున్నా పని మాత్రం తప్పుతుంది.

ఇన్సులిన్, కంటి చుక్కలు: సీసా మీద తెరిచిన తేదీ కాదు, పారేయాల్సిన తేదీ రాయండి. తెల్లవారుజామున ఎవరు లెక్కలు కడతారు? చాలా రకాలకు తెరిచాక 28 రోజులు, మీ దాని కాగితంలో ఒకసారి చూసుకోండి. 28 అంటే సరిగ్గా నాలుగు వారాలు, మంగళవారం తెరిస్తే మంగళవారమే పారేయాలి. వాడుతున్న ఇన్సులిన్ 30 డిగ్రీలు దాటకూడదు. ఏప్రిల్, మే నెలల్లో మన ఇళ్లలో అది కుదిరే పని కాదు. ఇన్సులిన్ పెన్ను అయితే మట్టికుండలో నీళ్లు తగలకుండా గిన్నెలో పెట్టండి. వాడనివి ఫ్రిజ్ తలుపులో ఉంచండి. ఫ్రీజర్ గోడకు ఆని గడ్డకడితే మళ్లీ కరిగినా పనికిరాదు.

సైదాబాద్_సుబ్బు:
డి3 ఏకాదశికి, మెథోట్రెక్సేట్ నల్లా వచ్చే రోజుకి కట్టేస్తే గుర్తుండదా? పెద్దవాళ్లకు తిథి బాగా గుర్తుంటుంది.

వారవర్జ్యం:
వద్దు సార్. నల్లా ఇక్కడ రోజు విడిచి రోజు, పైపు రిపేరు వచ్చిందంటే అదీ లేదు. తిథి సుమారు 19 నుంచి 26 గంటల దాకా ఉంటుంది, అందుకే ఒక్కోసారి ఒక తిథికి సూర్యోదయమే దక్కదు, ఒక్కోసారి రెండు సూర్యోదయాలు దక్కుతాయి. ఏకాదశికీ ఏకాదశికీ మధ్య ప్రతిసారీ సరిగ్గా పదిహేను రోజులే ఉండవు. ఏడు రోజుల మందుకు వారమే కావాలి. పైగా ఏకాదశి అంటే ఉపవాసం గుర్తొస్తుంది, ఇన్సులిన్ వేసుకునే మనిషికి అది వేరే తలనొప్పి.

ఇంకొకటి. పంచాంగంలో వారం సూర్యోదయానికి మారుతుంది, ఫోన్‌లో అర్ధరాత్రికి. రాత్రి రెండింటికి అత్తయ్యగారు "ఇంకా మంగళవారమే" అంటే ఆవిడ లెక్కలో తప్పు లేదు. అందుకే వారం మందు ఎప్పుడూ పగటిపూటే, పొద్దున టిఫిన్ తర్వాత పెట్టండి.

రాత్రి_షిఫ్టు:
అలారం సంగతి ఎవరూ ముట్టుకోలేదు. మాత్ర, నీళ్లు చేతిలోకి వచ్చేదాకా మోగనివ్వండి. బయట ఉంటే ఆపొద్దు, పది నిమిషాలు వాయిదా వేయండి. మందులన్నింటికీ ఒకే మోత పెట్టొద్దు, వారం మందుకు వేరే పాట.

అటెండెంట్ వచ్చేటప్పుడు, వెళ్లేటప్పుడు ఒక నోటుబుక్కు: తేదీ, వారం, ఏం వేశారు, ఏం వేయలేదు, ఎవరు వేశారు. 'వేయలేదు' గడి తప్పనిసరి. ఖాళీగా వదిలేస్తే వేయలేదనా, రాయడం మరిచారనా? వేయకముందే టిక్కు పెట్టే అలవాటు ఉంటే ఆ పుస్తకం పెట్టడం దండగ.

నిద్ర ముక్కలైతే రోజులు కలిసిపోవడం మామూలే, మతిమరుపు జబ్బు అనుకోనక్కర్లేదు. ఇద్దరుంటే గంటకొకరు లేవడం మానేసి, రాత్రిని రెండు ముక్కలు చేసుకుని ఒక్కొక్కరు ఏకబిగిన నాలుగైదు గంటలు పడుకోండి. ఇల్లు మరీ బరువుగా అనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416, ఏ వేళైనా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నాచారం_కోడలు:
బిల్లు దొరికింది. 10 మాత్రల స్ట్రిప్, కొన్నాక ఈ వారంతో కలిపి మూడు బుధవారాలు, ఏడు మిగిలాయి. అంటే వేశాం. డబ్బాకి బేస్తారం అని రాసి అంటించా. కానీ సాచెట్లు లెక్కపెడితే డి3 తొమ్మిదోది అయిపోయింది. చీటీలో 8 వారాలే ఉంది.

మందులపెట్టె:
ఒక్కటి ఎక్కువైతే మామూలుగా ఏమీ కాదు. ఇక్కడితో ఆపి డాక్టర్‌ని అడగండి, ఎక్కువగా నెలకొకటికి మారుస్తారు. ఇలాగే నెలల తరబడి నడిస్తే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. మలబద్ధకం, దాహం, మగత కనిపిస్తే వయసు మీదకు తోసేయకుండా కాల్షియం పరీక్ష చేయించండి. చీటీలో 'ఎన్ని వారాలు' అని ఉన్న ప్రతి మందుకూ, మెడికల్ షాపు కౌంటర్ దగ్గరే పెన్ను తీసి ఆఖరి తేదీ పెట్టె మీద రాసుకోండి.