‘మాస్టర్ మెరైనర్’కి తెలుగు మాట: సరంగు సరిపోతుందా?

ప్రశ్న:
సభ్యులందరికీ నమస్కారం. పంతొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ సరుకు ఓడ కెప్టెన్ ఒకాయన జీవితాన్ని పాత రికార్డుల నుంచి ఎలా కూడగట్టారో చెప్పే వ్యాసం అనువదిస్తున్నాను. పెళ్ళి రికార్డులో ఆయన వృత్తి ‘మాస్టర్ మెరైనర్’ అని ఉంది. ‘సరంగు’ అని రాయవచ్చా? చక్కటి పాత మాట, వదులుకోవాలని లేదు.

జవాబు:
సరంగు వద్దండీ. మాట నాకూ ఇష్టమే. పారశీకంలో ‘సర్‌హంగ్’ అంటే దళపతి, అక్కడి నుంచి వచ్చింది. చిన్న ఓడల మీద సరంగే పెద్ద. కానీ మీ వ్యాసంలోది బ్రిటిష్ ఓడ. అలాంటి ఓడల్లో ఆసియా నావికులను, అంటే లస్కర్లను, పెట్టుకున్నప్పుడు వాళ్ళకు పెద్ద సరంగు, అతని కింద తండేలు. వాళ్ళందరి మీదా కెప్టెన్. రేపు మీ వ్యాసంలోనే లస్కర్లున్న సిబ్బంది జాబితా ఒకటి వచ్చిందనుకోండి. ఒకే కాగితం మీద కెప్టెనూ ఉంటాడు, సరంగూ ఉంటాడు. అప్పుడు ఎవరిని ఏమంటారు?

‘నాఖుదా’ కూడా కుదరదు. ఇదీ పారశీకమే: ‘నావ్’ అంటే ఓడ, ‘ఖుదా’ అంటే ప్రభువు. ఆ ‘నావ్’, మన ‘నావ’ చుట్టాలే. అయితే ఆ మాట వినగానే అరబ్బు ఓడలు, గుజరాత్ ఓడలు కళ్ళ ముందుకు వస్తాయి. ‘ఓడ యజమాని’ అయితే మరీ తప్పు. బ్రిటిష్ ఓడను 64 వాటాలుగా లెక్కగట్టేవారు. కెప్టెన్‌కి అందులో ఒకటో రెండో వాటాలు ఉంటే ఉండవచ్చు, లేకపోవచ్చు. ఓడను నడపడం వేరు, సొంతం కావడం వేరు.

ఇక ‘మాస్టర్’ సంగతి. దీన్ని అలాగే ఉంచితే మనవాళ్ళకు బడిలో మేష్టారు గుర్తొస్తారు. ఆ అర్థం కూడా ఆ మాటలో మొదటి నుంచీ ఉన్నదే. దాని మూలం లాటిన్‌లో ‘మాజిస్టర్’. పెద్ద అనీ, గురువు అనీ రెండర్థాలూ ఉన్నాయి. నన్ను ఆశ్చర్యపరిచింది ఏమిటంటే, అరబ్బీలోనూ ఇదే జరిగింది. ‘ముఅల్లిమ్’ అంటే చదువు చెప్పేవాడు. హిందూ మహాసముద్రంలో దారి చూపి ఓడ నడిపేవాణ్ణి ఆ మాటతోనే పిలిచారు. లస్కర్ల నోట అదే ‘మాలిమ్’ అయి, కెప్టెన్ కింది అధికారికి, అంటే మేట్‌కి, పేరైంది. ఒకరితో ఒకరికి సంబంధం లేని రెండు భాషలు ఓడ నడిపేవాడిలో ఒక మేష్టారిని చూశాయి. నాకు ఇది ఎన్నిసార్లు తలచుకున్నా బాగుంటుంది.

ఇంతకీ మీ ఆయన పెళ్ళి ఏ కాలంలో జరిగింది? అది తేలితే గానీ అనువాదం తేలదు. 1850లో వచ్చిన చట్టంతో, విదేశాలకు వెళ్ళే బ్రిటిష్ ఓడల మాస్టర్లకూ మేట్లకూ సర్టిఫికెట్ తప్పనిసరి అయింది. అప్పటికే అనుభవం ఉన్నవాళ్ళకు సర్వీసును బట్టి ఇచ్చారు, మిగతావాళ్ళు పరీక్ష రాయాల్సి వచ్చింది. మాస్టర్ పట్టా చేతిలో ఉండి, ఓడ దొరక్క మేట్‌గా వెళ్ళినవాళ్ళు చాలామంది. కాబట్టి ‘మాస్టర్ మెరైనర్’ అని ఉందని ఆనాటికి ఆయన ఏదో ఓడకి కెప్టెన్ అని చెప్పలేం. ‘కెప్టెన్’ అని రాసేస్తే, రికార్డు చెప్పని మాట మనం చెప్పినట్టవుతుంది.

మరో సభ్యురాలి మాట:
మన సామెత గుర్తొచ్చింది. ‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య.’ ఓడ ఉంటేనే కెప్టెన్, లేకపోతే ఉత్త పట్టా అన్నమాట.

జవాబు:
భలే పట్టుకున్నారండీ. కాకపోతే ఆ సామెత తప్పు పట్టేది మల్లయ్యను కాదు, అవతలి ఒడ్డు చేరగానే మాట మార్చిన ప్రయాణికుణ్ణి. మల్లయ్యా మారలేదు, అతని ఓడా ఎక్కడికీ పోలేదు. (అందులో ఓడ అంటే ఏరు దాటించే పడవే. తమిళంలో ‘ఓడం’ అన్నా పడవే.)

అయినా రికార్డుల విషయంలో మీరన్నది అక్షరాలా నిజం. ఆ కాలపు సిబ్బంది ఒప్పందాలను, అంటే ఓడలో పనికి చేరేటప్పుడు నావికులు సంతకం చేసిన కాగితాలను, మనుషుల పేర్లతో కాక, ఓడ అధికారిక నంబరును బట్టి దాచారు. 1863 నుంచి 1938 వరకు ఉన్నవాటిలో దాదాపు 70 శాతం కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో ఉన్నాయి. మనిషి పేరొక్కటే పట్టుకుని వెళితే ఆ కట్టల్లో దొరకడు. ముందు లండన్‌లోని ఓడల బీమా సంస్థ లాయిడ్స్ వారి కెప్టెన్ల రిజిస్టరు చూసి ఆయన ఏ ఏ ఓడల్లో పనిచేశాడో తెలుసుకోవాలి, తర్వాత ఆ ఓడ నంబరు, ఆ తర్వాతే ఒప్పందం కాగితం. అక్కడ కూడా వంటవాడి జీతం సైతం ఉంటుంది గానీ కెప్టెన్ జీతం మామూలుగా ఉండదు. ఒప్పందంలో సిబ్బంది ఒక పక్షమైతే ఆయన రెండో పక్షం మరి. రిచర్డ్ వుడ్జెట్‌నే చూడండి. 1885 నుంచి పదేళ్ళు ‘కట్టీ సార్క్’ అనే పేరున్న తెరచాప ఓడను నడిపాడు కాబట్టి నేటికీ ఆ ఓడ పేరుతోనే తలుస్తారు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లోని నార్‌ఫక్‌లో వ్యవసాయం చేసుకున్న మనిషిని అడిగేవారు తక్కువ.

ప్రశ్న అడిగిన సభ్యుడు:
పెళ్ళి 1850 తర్వాతదేనండీ. ఆనాటి ఓడ పేరు వ్యాసంలో లేదు. ఇలా రాశాను, చూడండి: ‘పెళ్ళి నాటికి ఆయన ఓడ నడిపే పట్టా ఉన్న నావికుడు. ఆ ఏడాది ఏ ఓడ మీద ఉన్నాడో కాగితాల్లో లేదు.’ తర్వాతి పేజీలో ఓడ దొరికాక ‘ఓడ నాయకుడు’ అని, సిబ్బంది ఆయన్ను పిలిచే చోట ‘కెప్టెన్’ అని పెట్టాను.

జవాబు:
బాగుందండీ, అలాగే ఉంచేయండి. ‘కాగితాల్లో లేదు’ బదులు ‘మనకు దొరకలేదు’ అంటే ఇంకా బాగుంటుంది. ఒప్పందం ఏ కట్టలోనైనా ఉండి ఉండవచ్చు.