పిట్ట బొమ్మ ఉన్న జపాన్ పింగాణీ సీసా, ఐదు బుల్లి గిన్నెలు: ఇవి దేనికి?

ప్రశ్న (విశాఖపట్నం నుండి):
ఓడలో ఉద్యోగం చేసిన మా మేనమామగారు 1970లలో జపాన్ నుండి తెచ్చిన పింగాణీ సీసా, ఐదు బుల్లి గిన్నెలు మా అద్దాల బీరువాలో ఇన్నేళ్లుగా ఉన్నాయి. సీసాకు సన్నని మెడ, భుజం మీద చిటికెనవేలంత పిట్ట, ఒంటినిండా ఎరుపు, బంగారు రంగుల పూలు. గిన్నెను దీపానికి ఎదురుగా పట్టుకుంటే అడుగున ఒక స్త్రీ ముఖం కనిపిస్తుంది. దించితే వట్టి తెల్లని పింగాణీయే. సీసా అడుగున ఎర్రగా రెండు అక్షరాలున్నాయి. వీటిని వాడుకోవచ్చునా?

సమాధానం 1:
ఇవి బియ్యంతో చేసే సాకే అనే మద్యాన్ని వడ్డించే పాత్రలండి. సీసాను టొక్కురి, గిన్నెను చోకో అంటారు. సాకే పోసిన టొక్కురిని వేడినీళ్లలో నిలబెట్టి కాస్తారు; మెడ సన్నగా ఉండటం వల్ల ఆ వేడి త్వరగా పోదు. పిట్ట కేవలం అలంకారం కాదు: సీసాను వంచినప్పుడు ద్రవం మెడను నింపేస్తుంది కనుక లోపలికి వెళ్లవలసిన గాలి పిట్టలోని సన్నని దారిన దూరుతూ ఈల వేస్తుంది. గిన్నెలోని ముఖం కూడా రంగులతో వేసినది కాదు, పింగాణీని ఒకచోట మందంగా, మరొకచోట పలుచగా మలచినందువల్ల వెలుగు హెచ్చుతగ్గులుగా దిగి ఏర్పడే బొమ్మ. ఎరుపు, బంగారం చూస్తే కుతాని అనే జపాన్ పింగాణీ శైలి పనితనంలా ఉంది.

సమాధానం 2 (ఫుకుఓకా నుండి):
ఆ అక్షరాలు కుతాని అన్న పేరే కావచ్చు గానీ, గుర్తును చూసి ప్రాచీన వస్తువని అనుకోవద్దు. 17వ శతాబ్దంలో ఇప్పటి ఇషికావా ప్రాంతంలో మొదలైన పాత కుతానిలో ఆకుపచ్చ, పసుపు, ఊదా, నీలం రంగులదే పైచేయి. బంగారంతో కలిసిన ఎరుపు 19వ శతాబ్దపు పోకడ. దీపానికి పడితే ముఖం కనిపించే గిన్నెలు 20వ శతాబ్దంలో పర్యాటకుల కోసం, ఎగుమతి కోసం విరివిగా తయారయ్యాయి. మీ మేనమామగారు తెచ్చినవి ఆ కోవలోవే అని నా అభిప్రాయం. బంగారు పూతను గ్లేజు (పింగాణీ మీది గాజులాంటి నున్నని పొర) మీద తక్కువ వేడిలో కాలుస్తారు కనుక పీచుతో తోమకండి, మైక్రోవేవ్‌లో అసలే పెట్టకండి. పాత పైరంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. తాగడానికి వాడకపోవడమే మేలు.

అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. నీళ్లు పోసి కొలిచాను, 180 మిల్లీలీటర్లకు కాస్త ఎక్కువే పట్టాయి.

సమాధానం 1:
180 అంటే దాదాపు జపాన్‌వారి ఒక గో కొలత. మరి పిట్ట పలికిందా?

అడిగినవారు:
మెల్లగా వంచితే పలకలేదు. మెడ నిండేలా ఒక్కసారిగా వంచేసరికి సన్నగా ఈల వేసింది. వంటింట్లో ఉన్న అమ్మ కిటికీ బయటకు చూసింది.